రెండు తుది పోటీలు

మొక్క ఎదుగుచున్నదో లేదో ప్రతిదినము చూచువానికి తెలియదు. కొన్ని మాసములు గడచిన పిమ్మట వచ్చి చూచినవానికి వెంటనే తెలియును. ఆటలాడు బాలబాలికల విషయమును ఇట్టిదే. ఒక్క పోటీని చూచి, గెలిచినవా రెవరో, ఓడినవా రెవరో చెప్పవచ్చును. ఎవ రెంత ఎదిగిరో చెప్పుటకు మాత్రము ఒక్క పోటీ చాలదు. నడుమ కొంతకాలము గడచిన రెండు పోటీలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

అట్టి రెండు క్రికెట్టు పోటీలను గూర్చి ఈ పాఠమున తెలిసికొందము. రెండును పందొమ్మిది సంవత్సరముల లోపు బాలికల ప్రపంచ పోటీలలోని తుది ఆటలే. మొదటిది 2023 జనవరి 29వ తేదీన దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్ నగరమున జరిగినది. రెండవది 2025 ఫిబ్రవరి 2వ తేదీన మలేషియా దేశమున, కౌలాలంపూరు చెంతనున్న బయుమాస్ మైదానమున జరిగినది. రెండింటను మన భారతదేశపు బాలికలే విజయము నొందిరి. ఆ రెండు ఆటలలోను పాల్గొన్న వారిలో గోదావరీతీరమునందలి భద్రాచలమున జన్మించిన గొంగడి త్రిష యొకతె.

ఈ పోటీలలో ఒక్కొక్క జట్టునకు ఇరువది ఓవరులు మాత్రమే ఇత్తురు. ఓవరునకు ఆరు బంతులు. అనగా జట్టు మొత్తమునకు దొరకునవి 120 బంతులు. ఆ లోపల పదిమంది అవుటైనచో ఆట అంతటితో ముగియును. కావున ప్రతి బంతియు విలువగలదే. బంతిని ఆడు బాలిక పరుగు తీయలేకపోయినచో, ఆమె కొక బంతి నష్టమైనట్లే. వేసిన బాలికకు లాభమైనట్లే. ఈ చిన్న లెక్కను మనసున నుంచుకొన్నచో రాబోవు కథ సులభముగా బోధపడును.

పందొమ్మిదేండ్ల లోపు బాలికలకు ప్రపంచ పోటీలు జరుగుట 2023లోనే మొదలు. అందు పదునారు జట్లు పాల్గొనినవి. అప్పటికి మన దేశపు మహిళల జట్టు పెద్దల ప్రపంచ పోటీలలో మూడు పర్యాయములు తుది ఆటకు చేరి, మూడు పర్యాయములును ఓడినది. 2005లో ఆస్ట్రేలియా చేతిలో ఓడినది. 2017లో ఇంగ్లండు చేతిలో కేవలము తొమ్మిది పరుగుల తేడాతో ఓడినది. ఈ రెండింటను జట్టును నడపిన మిథాలీ రాజ్ సికింద్రాబాదున ఆట నేర్చిన వనిత. 2020లో ఇరువది ఓవరుల పోటీలో మరల ఆస్ట్రేలియాయే గెలిచినది. ఆ దినమున మన జట్టులో షఫాలీ వర్మ యను పదునారేండ్ల బాలిక ఉండెను. ఆమె రెండు పరుగులకే అవుటై వెనుదిరిగెను.

మూడేండ్లు గడచెను. ఆ షఫాలీయే 2023లో బాలికల జట్టునకు నాయకురాలయ్యెను. తుది ఆటకు ముందు దినముననే ఆమెకు పందొమ్మిదేండ్లు నిండినవి. పెద్దలు ఎన్నడును తేలేకపోయిన ప్రపంచ విజయమును పిల్లలు తేగలరా యన్నదే ఆ బాలికల యెదుట నున్న ప్రశ్న.

మొదట అంతయు సాఫీగానే సాగినది. తొలి ఆటలో దక్షిణాఫ్రికా 166 పరుగులు చేయగా, శ్వేతా సెహ్రావత్ 92 పరుగులు చేసి నిలిచి, జట్టును గట్టెక్కించెను. రెండవ ఆటలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు జట్టుపై మనవారు 219 పరుగులు చేసిరి. స్కాట్లండుతో జరిగిన మూడవ ఆటలో మన త్రిష 57 పరుగులు చేసెను.

పిమ్మట జనవరి 21వ తేదీన ఆస్ట్రేలియా ఎదురుపడెను. మనవారు 87 పరుగులకే అందరును అవుటైరి. ఆస్ట్రేలియా బాలికలు మూడు వికెట్లు మాత్రమే పోగొట్టుకొని, పదునాలుగు ఓవరులైనను పూర్తి కాకముందే గెలిచిరి. ఎవరిచేత తమ పెద్దలు మాటిమాటికి ఓడుచుండిరో ఆ దేశపు వారి చేతనే పిల్లలును ఓడిరి. ఇట్టి ఓటమి మనసును కుంగదీయును. "వారి ముందు మనము నిలువలేము" అన్న భావము ఒక్కమారు నాటుకొన్నచో, దానిని పెరికివేయుట కష్టము.

అయితే ఆ బాలికలకు విచారించుచు కూర్చుండుటకు తీరిక లేదు. మరునాడే శ్రీలంకతో ఆట. ఆ ఆటలో పార్శవీ చోప్రా నాలుగు ఓవరులు వేసి, ఐదు పరుగులు మాత్రమే యిచ్చి, నాలుగు వికెట్లు పడగొట్టెను. శ్రీలంక 59 పరుగులకే ఆగిపోయినది. మనవారు ఎనిమిదవ ఓవరు ముగియకమునుపే పని పూర్తిచేసిరి. తరువాత న్యూజిలాండును ఎనిమిది వికెట్ల తేడాతో ఓడించి తుది ఆటకు చేరిరి. జట్టు స్వభావము విజయపరంపరలో కంటె ఓడిన మరునాడు బాగుగా తెలియును. ఆ పరీక్షలో ఈ జట్టు నెగ్గినది.

ఇంకొక విశేషము. మనల నోడించిన ఆస్ట్రేలియా తుది ఆటకు రాలేదు. ఇంగ్లండు బాలికలు 99 పరుగులే చేసియు, ఆస్ట్రేలియాను 96 పరుగులకు ముగించి, మూడు పరుగుల తేడాతో గెలిచి వచ్చిరి. అంత చిన్న మొత్తమునే కాపాడుకొని వచ్చిన జట్టును తేలికగా తలచుటకు వీలులేదు.

తుది ఆట నాడు షఫాలీ టాసు గెలిచి, ఇంగ్లండును ముందుగా ఆడుమని పిలిచెను. క్రొత్త బంతిని తితాస్ సాధు అందుకొనెను. ఈమె పశ్చిమ బెంగాలునందలి చుంచుడా పట్టణపు బాలిక. వేగముగా బంతి వేయును. తన తొలి ఓవరులోనే ఒక వికెట్టు పడగొట్టెను. ఆమె వేసిన నాలుగు ఓవరులలో, అనగా ఇరువదినాలుగు బంతులలో, ఇంగ్లండునకు దొరకిన పరుగులు ఆరు మాత్రమే. రెండు వికెట్లు కూడ ఆమెకు దక్కినవి.

విద్యార్థులు ఇచట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. ఆ ఆరు పరుగుల వలన కలిగిన మేలు తితాస్ కొక్కతెకే చెందలేదు. ఒక వైపు పరుగులు రాకపోవుటచే, ఇంగ్లండు బాలికలు రెండవ వైపున తొందరపడవలసి వచ్చెను. తొందరపడినవారు తప్పు చేయుదురు. అట్లు వచ్చిన అవకాశమును మిగిలినవారు చేజిక్కించుకొనిరి. అర్చనా దేవి ఒకే ఓవరులో రెండు వికెట్లు తీసెను. అందొకటి ఇంగ్లండు నాయకురాలు గ్రేస్ స్క్రివెన్స్‌ది. ఆమె కొట్టిన బంతిని పట్టినది త్రిష. పార్శవీ చోప్రాకు రెండు వికెట్లు దొరకినవి. ఇంగ్లండు పక్షమున అందరికంటె ఎక్కువగా 19 పరుగులు చేసిన రయానా మెక్‌డొనాల్డ్ గే కొట్టిన బంతిని అర్చన గాలిలోనికి ఎగిరి ఒంటిచేత పట్టెను. చూచినవారు దానిని చాలకాలము మరువలేదు.

ఈ అర్చన ఉత్తరప్రదేశమునందలి ఉన్నావ్ జిల్లాలో ఒక చిన్న గ్రామమున పుట్టినది. చిన్ననాడే తండ్రి గతించగా, తల్లి కాయకష్టము చేసి పెంచెను. ఆడపిల్లను ఆటలకు పంపుచున్నదని ఇరుగుపొరుగువారు ఆ తల్లిని నిందించిరి. ఆమె ఆ మాటలను సహించినదే కాని, కూతురి ఆటను మాన్పింపలేదు. మైదానమున పదునొకండుగురే కనబడుదురు. వారి వెనుక కనబడక నిలిచినవా రెందరో కలరు.

ఇంగ్లండు 68 పరుగులకు ఆట ముగించినది. ఆడిన బంతులు 103. మనవారికి 69 పరుగులు కావలెను. ఈ లక్ష్యము చిన్నదే. అయినను చిన్న లక్ష్యమున నొక అపాయము దాగియుండును. "ఇంతేకదా" అని తలచినవాడు తొందరపడును. తొందరపడినచో వికెట్లు పడును. అట్లే ఇరువది పరుగులకు మనకు రెండు వికెట్లు పడినవి. అవుటైనవారు సామాన్యులు కారు. జట్టులో మిక్కిలి పేరుగన్న షఫాలీ, ఆ పోటీలన్నింటిలోను అందరికంటె ఎక్కువగా 297 పరుగులు చేసిన శ్వేత. ఇరువురును వెనుదిరిగిరి.

అప్పుడు మైదానమున నిలిచినవారు సౌమ్యా తివారీ, గొంగడి త్రిష. త్రిషకు అప్పటికి పదునేడేండ్లు. ఇరువురును గొప్ప దెబ్బలకు ఆశపడలేదు. మంచి బంతిని గౌరవించిరి, చెడ్డ బంతిని శిక్షించిరి, నడుమ ఒక్కొక్క పరుగును కూడబెట్టిరి. ఇట్లు వారు జతగా 46 పరుగులు చేర్చిరి. విజయము చేతికందబోవు సమయమున, మూడు పరుగులు మాత్రమే మిగిలియుండగా, త్రిష 24 పరుగులకు అవుటయ్యెను. సౌమ్య 24 పరుగులతో చివరివరకు నిలిచి, గెలుపు పరుగును తీసెను. పదునాలుగు ఓవరులలో ఆట ముగిసినది. భారత మహిళల క్రికెట్టున ఇదియే మొట్టమొదటి ప్రపంచ విజయము. ఆటలో శ్రేష్ఠురాలను గౌరవము తితాస్‌కు దక్కినది. పోటీలన్నింటికి శ్రేష్ఠురాలుగా మాత్రము ఓడిన జట్టు నాయకురాలైన గ్రేస్ స్క్రివెన్స్‌ను ఎన్నుకొనిరి. ఓడినను ప్రతిభ మరుగుపడదనుట కిది తార్కాణము.

ఇక త్రిష మాట. ఆమె తండ్రి పసితనముననే ఆమె చేతికి ప్లాస్టికు బ్యాటునిచ్చి, బంతులు వేసి ఆడించెను. భద్రాచలమున ఉన్నతశిక్షణకు తగిన వసతులు లేకపోవుటచే కుటుంబము సికింద్రాబాదునకు తరలివచ్చినది. బాల్యము నుండియు నిత్యమును గంటల కొలది సాధన చేసిన బాలికకు పదునేడేండ్లకే ప్రపంచ విజయములో భాగము లభించినది. ఇట్టి సమయమున రెండు దారులుండును. "నేను గెలిచితిని" అని తృప్తిపడి నిలిచిపోవుట యొకటి. "నేను ఇంకను నేర్వవలసిన దేమి?" అని తన్ను తాను ప్రశ్నించుకొనుట రెండవది. ఆమె ఏ దారిని పట్టెనో తరువాతి రెండేండ్ల ఆటయే చెప్పుచున్నది.

2024 డిసెంబరు మాసమున బాలికల ఆసియా పోటీలు జరిగినవి. తుది ఆటలో బంగ్లాదేశ్‌పై భారత జట్టు 117 పరుగులు చేయగా, అందు 52 పరుగులు త్రిషవే. ఆ ఆట జరిగినది బయుమాస్ మైదానముననే. ఆరు వారములు గడవగనే ఆ మైదానముననే రెండవ ప్రపంచ పోటీల తుది ఆట ఆమెకు ఎదురుచూచుచుండెను.

2025 నాటి జట్టునకు నికీ ప్రసాద్ నాయకురాలు. జట్టులో చాలమంది క్రొత్తవారు. విశాఖపట్టణమునకు చెందిన షబ్నమ్ షకీల్, త్రిష వలెనే, ఈ రెండు ప్రపంచ పోటీల జట్లలోను చోటు పొందినది. ఈ పర్యాయము మనవారు ఒక్క ఆటయు ఓడలేదు. మలేషియా జట్టుపై వైష్ణవీ శర్మ వరుసగా మూడు బంతులలో మూడు వికెట్లు తీసి, మొత్తము ఐదు పరుగులకు ఐదు వికెట్లు సాధించెను. స్కాట్లండుపై త్రిష 59 బంతులలో 110 పరుగులు చేసి అవుటు కాక నిలిచెను. ఈ ప్రపంచ పోటీలలో నూరు పరుగులు దాటిన మొదటి బాలిక ఆమెయే. రెండేండ్లకు పూర్వము అదే స్కాట్లండుపై ఆమె చేసినవి 57 అని మనము చదివియున్నాము.

తుది ఆటలో ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. వారు టాసు గెలిచి ముందుగా ఆడిరి. మైదానపు స్వభావమును బట్టి మనవారు నెమ్మదిగా బంతిని త్రిప్పి వేయువారినే ఎక్కువగా నమ్ముకొనిరి. షబ్నమ్ తన వేగముతో ఒక వికెట్టు తీసెను. మిగిలిన తొమ్మిదింటిని బంతిని త్రిప్పు నలుగురు పంచుకొనిరి. పరుణికా సిసోదియా, వైష్ణవీ శర్మ, ఆయుషీ శుక్లా తలకు రెండేసి తీసిరి. మూడు తీసినది త్రిష! 2023లో బ్యాటుతో పేరు తెచ్చుకొన్న బాలిక, ఇప్పుడు మణికట్టుతో బంతిని త్రిప్పి వేయు విద్యయందును ఆరితేరినది. ఆమె నాలుగు ఓవరులలో ఇచ్చిన పరుగులు పదునైదు మాత్రమే. దక్షిణాఫ్రికా 82 పరుగులకు ముగిసినది.

లక్ష్యము 83. మరల చిన్న లక్ష్యమే. మరల అదే అపాయము. త్రిష మొదటి బంతి నుండియు మైదానమున నుండెను. తోడుగా వచ్చిన కమలిని ఎనిమిది పరుగులకు అవుటయ్యెను. తరువాత సానికా చాల్కే వచ్చి 26 పరుగులు చేసి నిలిచెను. త్రిష 33 బంతులలో 44 పరుగులు చేసి, ఈ పర్యాయము చివరి పరుగు వరకు అవుటు కాలేదు. పండ్రెండవ ఓవరులోనే, ఇంకను 52 బంతులు మిగిలియుండగా, భారతదేశము తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచినది. తుది ఆటలో శ్రేష్ఠురాలు త్రిషయే. ఏడు ఆటలలో 309 పరుగులు, ఏడు వికెట్లు సాధించిన ఆమెయే పోటీలన్నింటికిని శ్రేష్ఠురాలు.

ఇప్పుడు రెండు పోటీలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిదానిలో 24 పరుగులు, ఒక క్యాచి. విజయమునకు మూడడుగుల దూరమున అవుటగుట. రెండవదానిలో 44 పరుగులు, మూడు వికెట్లు. విజయము చేతికందువరకు నిలుచుట. జట్టు రెండుమార్లును గెలిచినది. కనుక గెలుపును మాత్రమే లెక్కించువానికి ఈ రెండింటికి భేదము కనబడదు. కాని ఆ బాలికకు ఈ రెండేండ్ల నడుమ ఎంత సాధన జరిగినదో, ఎన్ని ఉదయములు మైదానమున గడచినవో ఆలోచించినచో భేదము తెలియును. మొదటిసారి ఆమె విజయమునకు తోడ్పడెను. రెండవసారి విజయమును తానే నడపెను.

ఎదుగుదల అందరియందు ఒకే తీరున ఉండదు. తితాస్ సాధు అదే 2023 సెప్టెంబరు మాసమున చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పెద్దల జట్టున ఆడి, శ్రీలంకతో జరిగిన తుది ఆటలో నాలుగు ఓవరులకు ఆరు పరుగులిచ్చి మూడు వికెట్లు తీసెను. మరల అవే ఆరు పరుగులు! భారతదేశమునకు స్వర్ణపతకము లభించినది. నాడు అర్చన పట్టిన బంతికి అవుటైన రయానా 2024లో ఇంగ్లండు పెద్దల జట్టున స్థానము పొందినది. కావున ఓటమియు ఎదుగుదల కడ్డు కాదు.

షఫాలీ దారి మాత్రము ఎత్తుపల్లములు గలది. బాలికల జట్టును గెలిపించిన నాయకురాలు కొంతకాలమునకు పెద్దల జట్టున తన చోటును పోగొట్టుకొనెను. 2025లో మన దేశమున మహిళల ప్రపంచ పోటీలు జరిగినపుడు మొదట ఎన్నుకొన్న జట్టులో ఆమె పేరు లేదు. తోటి క్రీడాకారిణికి గాయమగుటచే, చివరి ఘట్టమున ఆమెకు పిలుపు వచ్చెను. నవంబరు 2వ తేదీన నవీ ముంబాయిలో దక్షిణాఫ్రికాతో జరిగిన తుది ఆటలో ఆమె 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ఆటలో శ్రేష్ఠురాలయ్యెను. భారతదేశము 52 పరుగుల తేడాతో గెలిచి, పెద్దల ప్రపంచ కప్పును మొదటిసారిగా అందుకొనెను. 2020లో రెండు పరుగులకు వెనుదిరిగిన బాలికయే ఈమె. పిలుపు రాని దినములలో ఆమె సాధన మానియున్నచో, పిలుపు వచ్చిన దినమున ఆ 87 పరుగులు ఎచ్చటినుండి వచ్చియుండెడివి?

బాలబాలికలారా! మీలో అందరును క్రికెట్టు ఆడకపోవచ్చును. ఒకరు గణితమున, ఒకరు సంగీతమున, మరియొకరు చేతిపనియందు ఆసక్తి కలవారై యుందురు. ఏ విద్యయందైనను ఇతరుల మార్కులతో మీ మార్కులను పోల్చుకొని గర్వించుటయో క్రుంగుటయో సహజముగా జరుగుచుండును. దాని కంటె మేలైన కొలబద్ద యొకటి కలదు. గడచిన సంవత్సరము మీరు చేయలేని పనిని ఈ సంవత్సరము చేయగలుగుచున్నారా? నాడు మూడడుగుల దూరమున ఆగిపోయినచోట నేడు చివరివరకు నిలువగలుగుచున్నారా? ఈ ప్రశ్నలకు "అవును" అని చెప్పగలిగినచో మీరు ఎదుగుచున్నట్లే. "ఇంకను లేదు" అని చెప్పవలసివచ్చినచో, మరునాటి ఉదయము మీ కొరకు ఎదురుచూచుచున్నది. ఆస్ట్రేలియా చేతిలో ఓడిన బాలికలకు దొరకినదియు ఆ ఒక్క ఉదయమే.